ఏబీటీ ప్రోగ్రామ్ పరిష్కారం ఉన్నా లేదంటోంది, తప్పు ఎక్కడ?

విద్యార్థి: నమస్కారం. మకోటో యోకో బృందం 1992లో ప్రతిపాదించిన అసింక్రనస్ బ్యాక్‌ట్రాకింగ్‌ను (ఏబీటీ: ఏజెంట్లనే విడి ప్రోగ్రామ్‌లు సందేశాలు పంపుకుంటూ, నిబంధనలన్నిటికీ సరిపడే ఎంపికలు వెతికే పద్ధతి) మూడు ఏజెంట్లతో రాశాను. ఒక్కో ఏజెంటు ఒక అధ్యాపకుడు; తన పరీక్ష ఏ రోజో తేల్చుకోవాలి. గణితానికి సోమ, మంగళ రెండూ కుదురుతాయి. భౌతికానికి మంగళవారం ఒక్కటే. రసాయనానికి రెండూ సరే కానీ మిగతా రెండింటిలో దేనితోనూ ఒకే రోజు పడకూడదు. ప్రాధాన్యం కూడా ఇదే వరుస. మొదటి రెండూ మంగళవారం, రసాయనం సోమవారం పెడితే సరిపోతుందని చేత్తో వేసినా తెలుస్తోంది. ప్రోగ్రామ్ మాత్రం పరిష్కారమే లేదని ఆగిపోతోంది.

పాత కాపు: రసాయనం నుంచి భౌతికానికి వచ్చిన నోగుడ్‌లో, అంటే ‘ఈ ఎంపికలు కలిసి కుదరవు’ అని చెప్పే సందేశంలో, ఏముంది? దాన్ని మీ కోడ్ ఏం చేసింది?

విద్యార్థి: ‘గణితం సోమ, భౌతికం మంగళ కలిసి కుదరవు’ అని వచ్చింది. గణితానికీ భౌతికానికీ మధ్య నిబంధన ఏదీ లేదు కదా, అందుకే గణితం భాగాన్ని వదిలేశాను.

పాత కాపు: దొంగ దొరికాడు. ఆ భాగం వదిలేస్తే మిగిలేది ‘భౌతికం మంగళ కుదరదు’. ఉన్నది ఆ ఒక్క రోజే కాబట్టి భౌతికం చేతులెత్తేస్తుంది. అసలు నోగుడ్ చెప్పింది అది కాదు, ‘గణితం సోమవారం ఉన్నంత వరకే కుదరదు’ అని. షరతుతో సహా దాచుకోవాలి. పైగా గణితం విలువ, అంటే అది ఎంచుకున్న రోజు, భౌతికానికి ఎప్పటికప్పుడు తెలియాలి కనుక, ‘నన్నూ నీ జాబితాలో చేర్చుకో’ అని గణితానికి కబురు పెట్టాలి. అప్పుడు భౌతికం ‘గణితం సోమ కుదరదు’ అన్న కొత్త నోగుడ్‌ను పైకి పంపుతుంది, గణితం మంగళకు జరుగుతుంది, రసాయనం సోమవారం చేరుతుంది. ఏ షరతూ మిగలని ఖాళీ నోగుడ్ పుట్టినప్పుడే పరిష్కారం లేదనాలి.

విద్యార్థి: పనిచేసింది, ధన్యవాదాలు! అయితే పది ఏజెంట్లు పెట్టి, సందేశాలకు కావాలని ఆలస్యం కలిపితే, అప్పుడప్పుడూ ఇద్దరు ఒకే రోజున ఉండిపోయి అంతా నిశ్శబ్దమైపోతోంది. సందేశాలు తగ్గుతాయని, విలువ మారినప్పుడే ‘ఓకే?’ (తన విలువను కింది ప్రాధాన్యం వారికి తెలిపే సందేశం) పంపుతున్నాను.

పాత కాపు: ఆ పొదుపే కొంప ముంచింది. నోగుడ్ పంపగానే రసాయనం, భౌతికం ఎలాగూ మారుతుందన్న ధీమాతో దాని విలువను తన పట్టికలోంచి కొట్టేస్తుంది. భౌతికం మారకుండా మంగళవారంలోనే ఉండిపోతే మీ కోడ్ నోరు మెదపదు. రసాయనం కూడా వెళ్లి అక్కడే కూర్చోవచ్చు. మీ మూడు ఏజెంట్ల లెక్క అదృష్టం కొద్దీ గట్టెక్కింది. నోగుడ్ వచ్చాక విలువ మారకపోయినా, పంపినవారికి ‘ఓకే?’ మళ్లీ వెళ్లాల్సిందే. నోగుడ్ పాతబడిందని పక్కన పెట్టినప్పుడూ అంతే.

నెట్‌వర్క్ మనిషి: సందేశాలు వరుసకు హామీ ఇవ్వని యూడీపీ మీద పోతున్నాయా? ఏ ఇద్దరి మధ్యనైనా పంపిన వరుసలోనే అందుతాయన్న నమ్మకం మీదే ఈ పద్ధతి నిలబడింది. వరుస తప్పకుండా అందించే టీసీపీ వాడండి, లేదా వరుస సంఖ్యలు చేర్చి మీరే సరిచూసుకోండి.

బాటసారి: ఇంత తంటా ఎందుకండీ? అందరి వివరాలూ ఒక కంప్యూటర్‌కు ఇచ్చి, ఇలాంటి లెక్కలకు జవాబు వెతికే సాల్వర్ ప్రోగ్రామ్‌తో చేయించుకుంటే సరిపోదా?

పాత కాపు: ఇవ్వగలిగితే అలాగే చేయండి, చాలాసార్లు అలాగే త్వరగా తేలుతుంది. తమ వివరాలు ఒక చోట పోగుచేయడానికి ఏజెంట్లు ఒప్పుకోనప్పుడే ఈ దారి. అయినా నోగుడ్‌ల ద్వారా కొంత గుట్టు బయటపడుతూనే ఉంటుంది.

విద్యార్థి: చివరి సందేహం. పరిష్కారం దొరికిందని ఏజెంట్లకు ఎలా తెలుస్తుంది?

పాత కాపు: వాటంతట వాటికి తెలియదు. అందరూ మౌనంగా ఉండి, దారిలో సందేశమేదీ మిగలకపోతేనే పని అయినట్టు. దాన్ని పట్టుకోవడానికి చాండీ, లాంపోర్ట్‌ల 1985 నాటి స్నాప్‌షాట్ పద్ధతిని (ఏజెంట్ల స్థితినీ దారిలో ఉన్న సందేశాలనూ కలిపి నమోదు చేసేది) పక్కన విడిగా నడపాలి. కొన్ని సెకన్ల నిశ్శబ్దాన్ని చూసి ఆపేయకండి; మీరు కలిపిన ఆలస్యమే మిమ్మల్ని మోసం చేస్తుంది.