ఆరు నెలలుగా తమిళం వింటున్నా, ఒక్క ముక్క ఎక్కడం లేదు. తప్పు ఎక్కడుంది?

తిరుపతి_సిస్టర్:
అందరికీ నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నర్సింగ్ అయ్యాక ఇక్కడే రెండేళ్లు పనిచేశాను, వచ్చే నెల వేలూరులో ఒక ఆస్పత్రిలో చేరాలి. అక్కడికి మన చిత్తూరు వైపు పేషెంట్లు బాగానే వస్తారు, కానీ ఎంతైనా తమిళం వాళ్లే ఎక్కువ కదా. ఎవరో వీడియోలో "పసిపిల్లలు వింటూ వింటూనే నేర్చుకుంటారు, గ్రామర్ వద్దు, రోజూ చెవిలో పడనివ్వండి చాలు" అన్నాడని ఆరు నెలలుగా వంట చేస్తూ తమిళ ఎఫ్ఎం, బస్సులో తమిళ ఎఫ్ఎం, పడుకునే ముందు తమిళ వార్తలు. ఇంత చేస్తే వణక్కం తర్వాత అంతా రేకుల మీద వాన పడ్డట్టే ఉంది, శబ్దం తప్ప ఏమీ లేదు. ముప్పై రోజుల పుస్తకం ఒకటి కొన్నాను, అది తొమ్మిదో రోజు దగ్గర ఆగిపోయింది. మా అమ్మ రేడియో పెట్టుకున్నదీ లేదు, పుస్తకం పట్టిందీ లేదు, పూలమ్మే తమిళామెతో మాత్రం గంటసేపు కబుర్లు చెప్పుకుంటుంది. నా బుర్రలో లోపమా, పద్ధతిలోనా? నిజంగా టెన్షన్‌గా ఉంది.

గుడివీధి_బొమ్మల_అంగడి:
బుర్ర బాగానే ఉంది చెల్లెమ్మా. నేను గోవిందరాజస్వామి గుడి దగ్గర అంగడి పెట్టి 19 ఏళ్లు, పదో తరగతి తప్పినోణ్ణి. తమిళం మాట్లాడతా, కన్నడం నడిపిస్తా, హిందీలో బేరం వరకే, అంతకు మించి ఏమన్నా అడిగితే నవ్వేసి ఊరుకుంటా. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తమిళామె వస్తుంది, ఎర్ర బొమ్మ చేతిలో పట్టుకుని "వేరే కలర్ ఇరుక్కా?" అంటుంది. వేరే మనదే, కలర్ అందరిదీ, మిగిలింది ఇరుక్కా ఒక్కటే. ఆమె చెయ్యి ఒక బొమ్మ మీద, కళ్లు వెనక అల్మారా మీద ఉంటే "ఉందా" అని అడుగుతోందని వేరే చెప్పాలా? ఇంక చూడు, సాయంత్రం లోపల అదే మాట చిల్లర దగ్గర వింటాం, పెద్ద సైజు దగ్గర వింటాం, చివరికి బాత్రూం దగ్గరా వింటాం. తమిళోళ్ల పెరటాసి నెల శనివారాలు వచ్చాయంటే తమిళనాడు అంతా ఇక్కడే ఉన్నట్టు ఉంటుంది, మొదటి ఏడాది ఆ నాలుగు వారాల్లో నాకు వచ్చినంత తమిళం మిగతా ఏడాదంతా రాలేదు. రేడియోలో మాట్లాడే ఆయన దేని మీద చెయ్యి పెట్టి మాట్లాడుతున్నాడో నీకు కనపడదు కదా, ఇంక ఎట్లా ఎక్కుతుంది.

చిత్తూరు_పంతులమ్మ:
అన్న చెప్పింది నేను బీఈడీలో చదివి, పరీక్ష రాసి, మరిచిపోయిన పాఠం. స్టీఫెన్ క్రాషెన్ అని అమెరికా భాషాశాస్త్రవేత్త 1980ల్లో గట్టిగా వాదించిన విషయమే ఇది. మనకు వచ్చినదానికి ఒక్క మెట్టు పైనున్న మాటలు, సందర్భం వల్ల అర్థమయ్యేటట్టు చెవిన పడుతుంటే భాష దానంతట అదే వస్తుందని ఆయన అంటాడు. ఐ ప్లస్ వన్ అని దానికో పేరు కూడా పెట్టాడు. ఆ "వన్" ఎంతో ఎట్లా కొలుస్తావయ్యా అని ఆయన్ని నిలదీసినవాళ్లు చాలామందే ఉన్నారు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన వింటే వస్తుందనలేదు తల్లీ, అర్థమైతే వస్తుందన్నాడు. ఆ ఒక్క మాట మింగేసి వీడియోలు చేస్తున్నారు. భయంతో, టెన్షన్‌తో ఉంటే విన్నది కూడా లోపలికి పోదని ఆయనే అన్నాడు, కాబట్టి ముందు అది తగ్గించుకో.

తెలిసిన మాటలు ఎన్ని ఉండాలని అడిగితే, చదవడం గురించి హు, నేషన్ అని ఇద్దరు 2000లో చేసిన పరిశీలన ఒకటుంది. కథలో నూటికి 80 మాటలే తెలిసినప్పుడు ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు, ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే దాదాపు 98 తెలిసి ఉండాలని తేల్చారు. వినేటప్పుడు ముఖాలూ చేతులూ సాయం చేస్తాయి కాబట్టి లెక్క వేరే కావచ్చు, కానీ నీ ఎఫ్ఎంలో అవీ లేవు, తెలిసిన మాటలు నూటికి పది కూడా ఉండవేమో.

మనకు దగ్గరలో జరిగిన సంగతి కూడా ఒకటుంది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఇంగ్లీషు వ్యాకరణం పక్కనపెట్టి, పిల్లల ముందు రైళ్ల టైంటేబులో, ఊరి మ్యాపో పెట్టి ప్రశ్నలడిగించారు. పిల్లల ధ్యాసంతా రైలు ఎన్నింటికి చేరుతుందన్న దాని మీదే ఉంటుంది, ఇంగ్లీషు పక్కనుంచి ఎక్కుతుంది.

నువ్వైతే ఈ రోజే ఎఫ్ఎం ఆపేసి తమిళ వంటల వీడియోలు చూడు. ఉప్పు వాళ్లకీ ఉప్పే. "పుళి" అనగానే నీకు అడవిలో పులి గుర్తొస్తుంది, కానీ ఆమె చేతిలో చింతపండు కనపడుతుంటుంది. ఎంత అర్థం కాకపోయినా చారు మరిగేసరికి పది మాటలు మిగులుతాయి.

పలమనేరు_పిల్లోడు:
అందరూ వినమనే అంటున్నారు, నా కథ కూడా వినండి. మా అవ్వది తమిళం. ఆమె తమిళంలో తిట్టేది, మేం తెలుగులో జవాబు చెప్పేవాళ్లం, ఇరవై ఏళ్లు ఇదే. ఇప్పటికీ తమిళం ఒక్క మాట పోకుండా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం "నాన్ వందాన్" అని వస్తుంది. అంటే "నేను వచ్చాడు" అన్నమాట. హోసూరులో మా ఆఫీసులో ఇప్పుడు నా పేరే వందాన్. అర్థమయ్యే తమిళం నాకు తక్కువైందా చెప్పండి?

చిత్తూరు_పంతులమ్మ:
@పలమనేరు_పిల్లోడు నీలాంటి పిల్లల్ని చూసే కెనడాలో మెరిల్ స్వెయిన్ అనే ఆమె 1985లో క్రాషెన్‌కి అడ్డుచెప్పింది. అక్కడ ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఏళ్ల తరబడి పాఠాలన్నీ ఫ్రెంచిలో విన్నారు. అర్థం చేసుకోవడంలో భేష్, మాట్లాడితే మాత్రం తప్పులు పోలేదు. మాట్లాడబోయి తడుముకున్నప్పుడే మనకు రానిదేదో మనకు తెలుస్తుందని ఆమె వాదన. నీకు ఇంట్లో తమిళంలో జవాబు చెప్పాల్సిన పనే పడలేదు, అదీ సంగతి. అయినా మాటలన్నీ నీ దగ్గర ఉన్నాయి కాబట్టి నీది చిన్న రిపేరే. సిస్టర్‌ది పునాది దగ్గర్నుంచి కట్టాల్సిన పని.

సత్యవేడు_అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా బాబు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే, ఇప్పుడు ఆరో తరగతి. సైన్సు పాఠం గడగడా అప్పజెప్తాడు, అర్థమేంటి నాన్నా అంటే దిక్కులు చూస్తాడు. ఫీజులు కట్టి మేం వాడికి రోజుకు ఏడు గంటలు ఎఫ్ఎం పెట్టించినట్టేనా?

చిత్తూరు_పంతులమ్మ:
@సత్యవేడు_అమ్మ అట్లాగే ఉంది తల్లీ. ఆ పాఠమే ముందు తెలుగులో చెప్పించి, తర్వాత ఇంగ్లీషులో చదివించి చూడండి. విషయం తెలిశాక మాటలు వాటంతట అవే దొరుకుతాయి.

తిరుపతి_సిస్టర్:
చేరి మూడు వారాలైంది, చెప్పి పోదామని వచ్చాను. వంటల వీడియోలు పనిచేశాయి, వార్డు ఇంకా బాగా పనిచేస్తోంది. పేషెంట్ కడుపు మీద చెయ్యి పెట్టుకుని "ఇంగ వలిక్కుదు" అంటే డిక్షనరీ ఎందుకు? నేను "ఎంగ వలిక్కుదు", అంటే ఎక్కడ నొప్పి అని అడగడం రెండో రోజే వచ్చేసింది. నిన్న మాత్రం ఒక ముసలామె సుడు తణ్ణి, అంటే వేడినీళ్లు అడిగింది, నేను పక్క బెడ్డులో ఇంజెక్షన్ ఇస్తూ వస్తున్నానమ్మా అన్నట్టు సైగ చేశా. "అవసరం ఇల్లమ్మా" అంది. సరే, వద్దంటోంది కదా అని నా పని నేను చూసుకున్నా. గంట తర్వాత ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని నా వైపే చూస్తోంది పాపం. తమిళ సిస్టర్ పడీ పడీ నవ్వి చెప్పింది, వాళ్లకి అవసరం అంటే తొందరట!

గుడివీధి_బొమ్మల_అంగడి:
అయ్యో, అది చెప్పడం మరిచిపోయా చెల్లెమ్మా. ఇంకోటి కూడా ఉంది, "తొందరవు". అది మన తొందర కాదు, విసిగించడం. అంగడి పెట్టిన కొత్తలో ఒకాయన "తొందరవు పణ్ణాదే" అంటే తొందరపెట్టొద్దంటున్నాడు కాబోలని, నిదానంగా ఇంకో పది బొమ్మలు తీసి చూపించినా.