ఒకే సీటీ స్కాన్‌కు రెండు శాతాలు: భుజం కీలు జరుగుదలను ఎలా కొలుస్తారు?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
మా నాన్నగారికి కుడి భుజం కీలు బాగా అరిగిపోయింది. దామలచెరువులో మామిడి వ్యాపారం చేసే ఆయనకు ఇప్పుడు తువ్వాలు భుజాన వేసుకోవాలన్నా ఎడమ చేతి సాయం కావాలి. మొదట తీసిన ఎక్స్‌రేలో కీలు సందు తగ్గిందని మాత్రమే రాశారు. తర్వాత తిరుపతిలో తీయించిన సీటీ రిపోర్టులో చేతి ఎముక తల 58 శాతం వెనక్కి ఉందని వచ్చింది. అదే డిస్కు చూసిన సర్జన్ గారు 74 శాతం అన్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (రేడియాలజిస్టు, తిరుపతి):
రెండూ సరైనవే కావచ్చునండి. ఎముక తలను ఒక వృత్తంగా తీసుకుని, ఒక గీతకు వెనుక అందులో ఎంత భాగం పడిందో చెప్పేదే ఈ శాతం. సుమారు 45 నుంచి 55 వరకు ఉంటే తల మధ్యలో ఉన్నట్టు, 55 దాటితే వెనక్కి జరిగినట్టు లెక్క. ఏ గీత అన్నదే అసలు ప్రశ్న. రెక్క ఎముక లోపలి అంచు నుంచి కీలు గిన్నె మధ్యకు గీసేది ఫ్రీడ్‌మన్ గీత. గిన్నె ముఖానికే లంబంగా గీసేది మరొకటి. అరుగుదల వల్ల గిన్నె వెనుక భాగం తరిగి, దాని ముఖమే వెనక్కి తిరిగినప్పుడు తల కూడా ఆ ముఖాన్ని అనుసరించే పోతుంది కనుక, గిన్నెను బట్టి చూస్తే తక్కువగానూ, రెక్క ఎముకను బట్టి చూస్తే ఎక్కువగానూ జరిగినట్టు కనిపిస్తుంది. ఒరిగిన గోడకు అతికించిన పటం గోడను బట్టి సరిగానే ఉంటుంది, నేలను బట్టి వాలి ఉంటుంది కదా. ముందు నుంచి తీసే ఎక్స్‌రేలో ఈ వెనుక జరుగుదల అంతగా తెలియదు.

జవాబు 2 (సీటీ టెక్నీషియన్):
సర్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. బల్ల మీద పడుకున్న మనిషి రెక్క ఎముక యంత్రం కోతలకు సమాంతరంగా ఉండదు. అందువల్ల గిన్నె మధ్యబిందువు, లోపలి అంచున రెక్క ఎముక గట్టు మొదలయ్యే చోటు, కింది కొన, ఈ మూడింటినీ గుర్తించి, వాటి గుండా పోయే తలానికి లంబంగా అడ్డకోత బొమ్మను తిరిగి కూర్చాలి. కీలు వరకే స్కాన్ చేస్తే లోపలి అంచు బొమ్మలోకే రాదు, ఇక ఫ్రీడ్‌మన్ గీతకు ఆధారమే ఉండదు. రెక్క ఎముక మొత్తం పడిందో లేదో ముందు చూసుకోండి. వృత్తం గీసేటప్పుడు అంచున పెరిగిన ఎముక ముళ్లను కలుపుకున్నా లెక్క మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. డిస్కులో రెక్క ఎముక మొత్తం ఉంది. ఈ తేడా ఆపరేషన్ నిర్ణయాన్ని మారుస్తుందా?

జవాబు 3 (ఆర్థోపెడిక్ పీజీ విద్యార్థి):
శాతం ఒక్కదానితో నిర్ణయం జరగదండి. గిన్నె ఎన్ని డిగ్రీలు వెనక్కి తిరిగింది, 1999లో ఫ్రెంచ్ సర్జన్ వాల్ష్ అరిగిన గిన్నె ఆకారాలకు చేసిన వర్గీకరణలోని బీ2 లాగా దానిలో రెండు గుంటలు పడ్డాయా, భుజాన్ని తిప్పే రొటేటర్ కఫ్ కండరాలు ఎలా ఉన్నాయి అన్నవీ చూస్తారు. కండరాల సంగతికి ఎంఆర్‌ఐ ఎక్కువగా ఉపయోగపడుతుంది. తల బాగా వెనక్కి జరిగి ఉంటే మామూలు కృత్రిమ కీలులో గిన్నె భాగం వదులయ్యే ప్రమాదం ఎక్కువ కాబట్టి, బంతి గిన్నె వైపు, గిన్నె చేతి ఎముక వైపు ఉండే రివర్స్ రకం కీలు గురించి కూడా ఆలోచిస్తారు. సర్జన్ గారిని “74 ఏ గీతను బట్టి వచ్చింది, గిన్నె కోణం ఎంత” అని అడగండి. మళ్లీ ఎప్పుడైనా సీటీ తీస్తే అదే గీతతో పోల్చమనండి.