ట్యాంకుల ‘లాజిస్టిక్స్’ను తెలుగులో ఏమందాం? ‘సరంజామా’ పనికొస్తుందా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. భారీ యుద్ధ ట్యాంకులను సైన్యాలు ఎలా కొంటాయి, కొన్నవాటిని ఎలా తరలిస్తాయి అనే విషయం మీద ఒక పొడవాటి వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. మూడు మాటల దగ్గర కలం ఆగిపోయింది. ‘లాజిస్టిక్స్’ను, అంటే సేనకు కావాల్సినవి సమకూర్చి చోటుకు చేర్చే ఏర్పాట్లను, అలాగే ఉంచాలా? ‘ట్యాంకు’ బదులు ‘యుద్ధ శకటం’ అంటే నిండుగా ఉంటుందా? ‘అక్విజిషన్’కు ‘సేకరణ’ అని వేశాను గానీ, చదివిన ప్రతిసారీ ధాన్యం గుర్తుకొస్తోంది. ప్రస్తుతానికి నా మొదటి వాక్యం ఇది: “యుద్ధ శకటాల సేకరణ, రవాణా సంబంధిత లాజిస్టిక్స్ అత్యంత సంక్లిష్టమైనవి.” మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ వాక్యంలో చివరి ‘ఐనవి’ తప్ప తెలుగు కనబడలేదు.

‘శకటం’ అంటే ఉత్త బండి. చిన్నికృష్ణుడు కాలితో తన్నింది దాన్నే. పైగా పత్రికల్లో ఈ మాట ఇప్పటికే వేరే కొలువులో ఉంది. గణతంత్ర దినోత్సవ కవాతు వార్తల్లో శకటాలంటే రాష్ట్రాల తరఫున అలంకరించి నడిపే ప్రదర్శన బండ్లు. అదే కవాతులో ట్యాంకులూ వెళతాయి. మీ పద్ధతిలో ఆ వార్త రాస్తే పూలు కట్టిన శకటం ఏదో, ఫిరంగి ఉన్న శకటం ఏదో పాఠకుడే తేల్చుకోవాలి. అక్కడితో ఆగదు. ట్యాంకును వీపున ఎక్కించుకుని మోసే పెద్ద వాహనం సంగతి మీ వ్యాసంలో రాక తప్పదు. దాన్ని ‘శకటవాహక శకటం’ అంటారా?

జవాబు:
ట్యాంకును ట్యాంకుగానే ఉంచండి. పరాయి మాట అని బెంగ వద్దు, ఎందుకంటే ఆ పేరు పుట్టుకే మీ విషయానికి చుట్టం. 1915లో బ్రిటన్‌లో ఈ యంత్రం రూపుదిద్దుకుంటున్నప్పుడు దాన్ని ‘ల్యాండ్‌షిప్’ అనేవారు, అంటే నేల ఓడ. ఆ పేరు బయటికి పొక్కితే గుట్టు రట్టయినట్టే. అందుకని నీళ్లు మోసే తొట్లేవో తయారవుతున్నాయని నమ్మించే పేరు వెతికి, ఆ ఏడాది చివర్లో ‘ట్యాంకు’ అని ఖాయం చేశారు. కొన్నింటి మీద ‘పెట్రోగ్రాడ్‌కు, జాగ్రత్త’ అనే అర్థం వచ్చేలా రష్యన్‌లో రాతలు కూడా రాశారు. చూసినవాళ్లు రష్యాకు తొట్లు పోతున్నాయనుకోవాలి, అంతే. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో అవి మొదటిసారి కదిలాయి. దాచాల్సింది ఆ రోజుతో ఏమీ మిగల్లేదు గానీ పేరు మాత్రం నిలిచిపోయింది. సరుకును దాచడానికి పెట్టిన అబద్ధపు పేరే దాని అసలు పేరైపోవడం నాకు తెలిసి ఇదొక్కటే.

1948లో కశ్మీర్ యుద్ధంలో జోజి లా కనుమకు మన సైన్యపు 7వ లైట్ కేవల్రీ దళం స్టువార్ట్ ట్యాంకులను చేర్చినప్పుడూ ఇలాంటి ఉపాయమే పనిచేసింది. పైనున్న టరెట్లు, అంటే ఫిరంగి ఉండి తిరిగే పైభాగాలు, విప్పేసి, టార్పాలిన్లు కప్పి తీసుకెళ్లారు. నవంబర్ 1న ఆ ఎత్తులో ట్యాంకులు ప్రత్యక్షమవుతాయని అవతలి పాకిస్తాన్ పక్షం వాళ్లు ఊహించలేదు. అక్కడ పేరు మార్చి దాచారు, ఇక్కడ తల తీసి దాచారు.

ఒక్క జాగ్రత్త: ‘ట్యాంకర్’ అని రాయకండి. మనకది నీళ్లో నూనో తెచ్చే లారీ. ట్యాంకు లోపలి ఇంధన ట్యాంకు ప్రస్తావన వచ్చినప్పుడు ‘ఇంధన తొట్టి’ అనండి, లేకపోతే ట్యాంకులో ట్యాంకు పడి గందరగోళమవుతుంది.

జవాబు:
ఇక ‘లాజిస్టిక్స్’. నా ఓటు ‘సరంజామా’కే, కారణం చెబుతాను.

మనం దీన్ని పెళ్లి సరంజామా, వంట సరంజామా అని తేలికగా వాడేస్తాం గానీ, దీని వెనక సైన్యం ఉంది. పారసీలో ‘సర్ అంజామ్’ అంటే పనిని కొసకు చేర్చడం. మరాఠా ఏలుబడిలో సేనలను పోషించడానికి సర్దారులకు ఇచ్చే భూములను ‘సరంజామ్’ అనేవారు. ఇటు ‘లాజిస్టిక్స్’ చూడండి. 19వ శతాబ్దపు సైనిక రచయిత జోమినీ ఆ మాటను సేనలకు విడిది చూసే ఫ్రెంచి అధికారి పదవితో ముడిపెట్టాడు. ఒకటి విడిది మాట, ఒకటి జీతపు భూమి మాట. రెండూ యుద్ధం వెనక జరిగే పనుల లోంచే వచ్చాయి.

‘సేకరణ’ మాత్రం తీసేయండి. చెల్లాచెదురుగా ఉన్నదాన్ని ఒకచోట చేర్చడం సేకరణ. ట్యాంకులు కళ్లాల్లో ఉండవు. ‘కొనుగోలు’ అంటే సగమే చెప్పినట్టు. సైన్యం ట్యాంకును కొన్నప్పుడు దాంతోపాటు విడి ఇంజన్లు, విడి గొలుసులు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీలు), బురదలో దిగబడితే బయటికి లాగే వాహనం, కాలువ అడ్డొస్తే వంతెన పరిచే వాహనం, మోసే ట్రైలరు, బాగుచేసే పనిశాల, నడిపేవారి శిక్షణ, ఇన్నీ కావాలి. ‘సమకూర్చుకోవడం’ అనండి, ఇవన్నీ ఆ మాటలో ఒదుగుతాయి. ‘విక్రీతే కరిణి కిమంకుశే వివాదః’ అన్నారు, ఏనుగునే అమ్మేశాక అంకుశం దగ్గర పేచీ ఎందుకని. ట్యాంకుల బేరంలో పేచీ అంతా అంకుశం దగ్గరే. జర్మన్ సైన్యం వాడిన ట్యాంకు మోత వాహనం ఒకదాని పేరు ‘ఎలెఫాంట్’, అంటే ఏనుగే. అక్కడ అంకుశమే ఏనుగంత ఉంది.

జవాబు:
సరంజామా అందమైన మాటే, ఒప్పుకుంటాను. కానీ అది సామాను, పని కాదు. ‘సరంజామా సర్దుకున్నాడు’ అంటాం గానీ ‘సరంజామా సంక్లిష్టం’ అనం. మీరు చెప్పిన పారసీ అర్థం పాఠకుడి చెవిలో లేదు, అతనికి గుర్తొచ్చేది గిన్నెలూ గరిటెలే. ఏ పనికి ఏ మాటో అక్కడికక్కడ వేసుకుంటే చాలదా?

‘రవాణా’తో కూడా నాకు ఇదే తగువు. అదీ పారసీదే, పంపించడం అని. ఎవరు ఎవరిని మోస్తున్నారో అది చెప్పదు. ట్యాంకు విషయంలో ఆసక్తికరమైనది అదే కదా. అది తనంతట తాను నడవగలదు, అయినా నడిపించరు. అమెరికా వాళ్ల అబ్రామ్స్ ట్యాంకులో సుమారు 1,900 లీటర్ల ఇంధనం పోస్తే రోడ్డు మీద నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు వస్తుంది. ఇంధనం ఖర్చు ఒక ఎత్తు, గొలుసులు అరగడం, ఇంజన్ ఆయువు తగ్గడం, రోడ్డు చెడడం ఇంకో ఎత్తు. అందుకే యుద్ధరంగం దాకా దాన్ని మోసుకెళతారు. అమెరికన్ సైన్యపు ట్రైలరు ఒకదానికి 40 టైర్లు ఉంటాయి. దాని మీదికి ట్యాంకును నడిపి ఎక్కిస్తారు, ఫిరంగిని వెనక్కి తిప్పి కదలకుండా బంధిస్తారు, ఇనుప సంకెళ్లు వేసి ట్రైలరుకు బిగిస్తారు, చేరాక నడిపి దించుతారు. ఎక్కించడం, బిగించడం, మోయడం, దించడం. ఇన్ని క్రియలు మనకు చేతిలో ఉండగా ‘రవాణా కార్యకలాపాలు నిర్వహించబడతాయి’ అని ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు.

ఓడలకూ ఇంతే. ట్యాంకులు నడుచుకుంటూ ఎక్కి దిగే ఓడను ‘రో-రో నౌక’ అని ఒకసారి రాసి, పక్కనే ‘నడిపి ఎక్కించే ఓడ’ అని చెప్పేస్తే సరి. విమానాల భాగం మీ వ్యాసంలో ఎలాగూ చిన్నదే అయి ఉంటుంది. అమెరికా సైన్యపు భారీ సరుకు విమానం సీ-17 అంతటి దానిలో పట్టేది ఒక్క అబ్రామ్స్ ట్యాంకే.

జవాబు:
మాటల సంగతి సరే, అంకెలూ అనువాదంలో భాగమే. మీ మూలం అమెరికాదైతే ‘70 టన్నులు’ అన్నచోట ఆగండి. అది వాళ్ల చిన్న టన్ను, మన లెక్కలో 63.5 టన్నులే. ఇలాంటివి పత్రికల్లో అలాగే దిగిపోతుంటాయి.

ఇంకొకటి, వంతెనల దగ్గర పసుపుపచ్చని గుండ్రని పలక మీద నల్లటి అంకె ఉంటుంది. నాటో దేశాల సైనిక భార వర్గీకరణ అది. ఆ అంకె టన్నుల బరువు కాదు. బరువుతోపాటు ఇరుసులు ఎన్ని, వాటి మధ్య దూరమెంత, చక్రాలా గొలుసులా అన్నవీ కలిపి వాహనానికి ఇచ్చిన తరగతి. ట్రైలరు, దాన్ని లాగే లారీ, పైన ట్యాంకు కలిస్తే వంద టన్నులు దాటుతుంది. కానీ అదంతా పొడుగునా చాలా ఇరుసుల మీద పంచుకుంటుంది. కాబట్టి ‘బరువు పరిమితి’ అనకుండా ‘భార తరగతి’ అనండి.

‘లోడింగ్ గేజ్’ వస్తే మరీ జాగ్రత్త. మనకు గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం. ఇది అది కాదు. బండి మీద ఎక్కించిన సరుకు సొరంగాలకు, ప్లాట్‌ఫారాలకు, పక్క పట్టాల మీది రైలుకు తగలకుండా ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉండవచ్చో చెప్పే హద్దు. ట్యాంకుల కథలో దీని పెత్తనం తక్కువేమీ కాదు. 1916 నాటి తొలి ట్యాంకులకు రెండు పక్కలా ఫిరంగి గదులు పొడుచుకొచ్చి ఉండేవి. రైలెక్కించాలంటే వాటిని ఊడదీయాలి. తర్వాత వచ్చిన మార్క్ 4లో లోపలికి నెట్టే వీలు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల టైగర్ సుమారు 57 టన్నులది. యుద్ధానికి 725 మిల్లీమీటర్ల వెడల్పు గొలుసులు, రైలు ప్రయాణానికి 520 మిల్లీమీటర్లవి. ఎక్కించే ముందు బయటి వరస చక్రాలు తీసి, గొలుసులు మార్చి, దిగాక మళ్లీ అన్నీ బిగించాలి. పెళ్లికి ఒక జత చెప్పులు, ప్రయాణానికి ఒక జత అన్నట్టు. దీనికి ‘సరుకు హద్దు’ అని నేను వాడుతున్నాను, ఇంతకంటే మంచిది ఉంటే చెప్పండి.

ప్రశ్న అడిగిన నేనే:
అందరికీ ధన్యవాదాలు. శకటాన్ని కవాతుకే పంపించేశాను. ‘సరంజామా’ను శీర్షికలో ఉంచి, లోపల ఎక్కడికక్కడ క్రియలే వాడుతున్నాను. మార్చిన వాక్యం: “ట్యాంకును కొనడం తేలిక. దాన్ని మోసేవి, లాగేవి, బాగుచేసేవి సమకూర్చుకుని, దారిలోని ప్రతి వంతెనను ముందే చూసుకోవడం కష్టం.” గొలుసుల దగ్గర ‘ట్రాక్’ అని రాసి ఉన్నవన్నీ మార్చాను, రైలు పట్టాలతో కలిసిపోతున్నాయని.

జవాబు:
ఇప్పుడు బాగుంది. కానీ ‘కొనడం తేలిక’ అని నేనైతే రాయను. మీ వ్యాసం మొదటి సగమంతా కొనడంలోని తిప్పలే కదా. ‘కొనడంతో పని తీరదు’ అనండి.