ఫైరింజన్ డ్రైవర్ లైసెన్సు రెన్యువల్: డాక్టర్ సర్టిఫికెట్‌లో షుగర్ సంగతి చెప్పాలా?

ప్రశ్న (టెక్కలి నుంచి)

అందరికీ నమస్కారం. మా ఆయన ఫైర్ స్టేషన్‌లో డ్రైవర్ ఆపరేటర్. వయసు 46. హెవీ లైసెన్సు గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. మూడేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రల మీద ఉన్నారు. ఈమధ్య రెండుసార్లు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. పంచదార నీళ్ళు తాగిస్తే పావుగంటకి తేరుకున్నారు.

లైసెన్సు పనులు చేసిపెట్టే ఒకాయన "మీరు డాక్టర్ దగ్గరికి రానక్కర్లేదు, సంతకం నేను తెచ్చేస్తాను" అన్నాడట. ఈయన అదే నయం అంటున్నారు. షుగర్ అని రాస్తే లైసెన్సు ఆపేస్తారని, ఉద్యోగం పోతుందని భయం. ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. అసలు ఫైరింజన్ ప్రభుత్వ బండి కదా, పర్మిట్ కూడా ఉండదు, దానికీ మెడికల్ కావాలా? ఏం చెయ్యాలో చెప్పండి, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు (శ్రీకాకుళం, రవాణా శాఖ పనులు తెలిసిన వ్యక్తి)

అమ్మా, ముందు పర్మిట్ సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66లో పోలీసు, ఫైర్, అంబులెన్సు బళ్ళకి పర్మిట్ అక్కర్లేదని ఉన్నమాట నిజమే. అది బండికి ఇచ్చిన మినహాయింపు, డ్రైవర్‌కి కాదు. 2004 నవంబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఫైరింజన్లు ట్రాన్స్‌పోర్టు వాహనాల జాబితాలోనే ఉన్నాయి. కాబట్టి లారీ డ్రైవర్‌కి ఏ కాగితాలు కావాలో మీ ఆయనకీ అవే కావాలి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఇప్పుడు ఐదేళ్ళకి ఇస్తున్నారు, 2019 సవరణకి ముందు మూడేళ్ళే. ఆయనకి నలభై దాటాయి గనక సొంత కారు లైసెన్సు రెన్యువల్‌కయినా డాక్టర్ సర్టిఫికెట్ తప్పదు.

కాగితాలు రెండు. ఫారం 1 ఆయన తనంతట తాను ఇచ్చే మాట. ఫారం 1ఏ రిజిస్టరయిన డాక్టర్ చూసి ఇచ్చేది. 1ఏలో డాక్టర్‌ని అడిగేవి చూపు, రంగులు గుర్తించగలడా, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలడా, రేచీకటి ఉందా, హారన్ వినపడనంత చెవుడు ఉందా, కాళ్ళూ చేతుల్లో లోపం ఉందా అనేవి. షుగర్ అన్న మాట అందులో లేదు. కానీ ఫారం 1 మొదటి ప్రశ్నే మూర్ఛ, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి కళ్ళు తిరగడం గురించి. "ఏ కారణం చేతనైనా" అని కూడా ఉంది. గుమ్మంలో కూలబడిన మనిషి అక్కడ "లేదు" అని సంతకం పెడితే అది అబద్ధమే అవుతుంది. తప్పుడు మాట చెప్పి తెచ్చుకున్న లైసెన్సుని సెక్షన్ 19 కింద రద్దు చేసేయవచ్చు. జబ్బు ఉందని తెలిసీ జనానికి ప్రమాదం అయ్యేలా నడిపితే సెక్షన్ 186 కింద జరిమానా వేరే. మొదటిసారి వెయ్యి రూపాయల వరకు, తర్వాత రెండు వేల వరకు.

గడువు గురించి కంగారు పడకండి. తీరిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేసుకుంటే మళ్ళీ టెస్టు ఉండదు. కాకపోతే గడువు తీరిన మరునాటి నుంచి రెన్యువల్ అయ్యేదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు. వెనకటి నెల రోజుల వెసులుబాటుని 2019 సవరణలో తీసేశారు.

జవాబు (విజయనగరం, రిటైరయిన డ్రైవర్ ఆపరేటర్)

చెల్లెమ్మా, నీ పోస్టు చదివి నేను ఊరుకోలేకపోయాను. నాకు జరిగింది చెబుతాను.

వేసవిలో ఒక రాత్రి. స్టేషన్‌లో అన్నం ముందు కూర్చుని షుగర్ మాత్ర వేసుకున్నాను. ముద్ద కలుపుతుండగా గంట కొట్టారు, గడ్డివాములు అంటుకున్నాయని. చెయ్యి కడుక్కుని బండెక్కాను. అక్కడ రెండు గంటలు పంపు దగ్గరే ఉన్నాను. చెమట పడుతోంది, మంట దగ్గర కదా అనుకున్నాను. పంపు గేజీ మీద ముల్లు రెండుగా కనిపించింది, పొగ అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఒక మలుపు దగ్గర చెయ్యి తిరగలేదు. బండి రోడ్డు దిగి పొలం గట్టు మీద ఒరిగి ఆగింది. వెనక నలుగురు కుర్ర ఫైర్‌మన్లు కూర్చున్నారు, ఆ నలుగురూ నాకు కొడుకుల్లాంటివాళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు. ట్యాంకు నిండుగా ఉండి ఉంటే బోల్తా పడేవాళ్ళం. నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళంటే నాలుగున్నర టన్నులు, మలుపులో ఆ బరువు మనతోపాటు తిరగదు, తన దారిన తను పోతుంది.

మామూలు డ్రైవర్‌కి ఒంట్లో బాగోకపోతే పక్కన ఆపుకుంటాడు. మనం ఆపితే ఎవరి ఇల్లో కాలిపోతుంది. అందుకే ఆపము. ప్రమాదం అక్కడుంది తల్లీ. మీ ఆయనకి ఇది చదివి వినిపించు. సంతకం కొనుక్కోవద్దని నా మాటగా చెప్పు.

మరో ప్రశ్న (పైడిభీమవరం నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను ప్రైవేటు కంపెనీలో ఫైర్ టెండర్ (ఫైరింజన్) డ్రైవర్‌ని. కారు లైసెన్సుతో కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు చెప్పిందంటున్నారు, నిజమేనా?

జవాబు (శ్రీకాకుళం)

2024 నవంబరు తీర్పు 7,500 కిలోలలోపు బళ్ళకి మాత్రమే తమ్ముడూ. మీ టెండర్ ఆర్‌సీలో స్థూల బరువు, అంటే లోడుతో కలిపి మొత్తం బరువు చూడు. పెద్ద వాటర్ టెండర్ అయితే ఆ లెక్క దాటిపోతుంది, హెవీ లైసెన్సు ఉండాల్సిందే.

జవాబు (పలాస, డాక్టర్‌ని)

అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు షుగర్ బాగా పడిపోయినప్పుడు వచ్చేవి. లైసెన్సు తర్వాత, ఈ వారంలోనే ఆయనకి మాత్రలు రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అలా జరగడం అరుదు. వేళాపాళా లేని ఉద్యోగం అని చెబితే డాక్టర్ మందు మార్చగలరు. ఈ మాట చాలామంది చెప్పరు, మేమూ అడగడం మర్చిపోతాం. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి.

గ్లూకోమీటర్ బండిలోనే ఉంచుకోమనండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. అప్పటిదాకా బండి తియ్యకూడదు. కంటి రెటీనా పరీక్ష కూడా చేయించండి, షుగర్ మొదట దెబ్బ కొట్టినప్పుడు చూపులో తేడా తెలియదు.

షుగర్ ఉందన్న ఒక్క కారణంతో నేనెవరికీ 1ఏ ఆపను. అదుపులో ఉండి, పడిపోవడాలు లేకపోతే ఇస్తాను. మనిషిని చూడకుండా మాత్రం ఇవ్వను. కిటికీలోంచి గేటు బయట ఆగిన బండి నంబరు చదివిస్తాను, రంగుచుక్కల పుస్తకం చూపిస్తాను. పది నిమిషాల పని.

ప్రశ్న అడిగినావిడ

డాక్టర్ గారూ, అన్నయ్యా, మీకు చాలా థ్యాంక్స్. ఈయనకి చదివి వినిపించాను. మాత్ర వేసుకున్నాక గంట కొట్టిన మాట దగ్గర తల వంచుకున్నారు. తనకీ అదే జరిగిందట, నాతో చెప్పలేదు. ఒక్కటే అడుగుతున్నారు, రేపు నిజంగానే పనికిరానని తేలిస్తే ఉద్యోగం ఏమవుతుందని.

జవాబు (శ్రీకాకుళం)

ఆ భయానికి చట్టంలో జవాబు ఉందమ్మా. లైసెన్సు ఇవ్వకపోతే కారణం రాసి ఇవ్వాలి, దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పనిలో పెట్టాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 చెబుతోంది. షుగర్ ఉన్నంతమాత్రాన అది వైకల్యం కాదు, చూపు దెబ్బతినడం లాంటిది వస్తే ఇది పనికొస్తుంది. రంగులు గుర్తించలేక పక్కన పెట్టిన ఒక ఆర్టీసీ డ్రైవర్‌కి వేరే ఉద్యోగం చూపించాలని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇప్పుడు చెయ్యాల్సింది, డాక్టర్ ఇచ్చిన చీటీ జత చేసి మందు కుదిరేదాకా స్టీరింగ్ డ్యూటీ తప్పించమని స్టేషన్ ఆఫీసర్ గారికి రాసి ఇవ్వడం. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

జవాబు (విజయనగరం)

ఆ కాగితం ఇవ్వడానికి సిగ్గుపడొద్దను. నేను ఇచ్చాను. రెండు నెలలు వాచ్‌రూమ్‌లో ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు, తర్వాత మళ్ళీ బండి ఎక్కి రిటైరయ్యేదాకా నడిపాను.

ప్రశ్న అడిగినావిడ

సోమవారం పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రికి వెళ్తున్నాం. సెలవు పెట్టారు. ఆ సంతకం వద్దని లైసెన్సు పనులు చేసే ఆయనకి ఫోన్ చేసి చెప్పేశారు. బ్యాగులో ఇప్పుడే బిస్కెట్ ప్యాకెట్, పంచదార పొట్లం పెట్టాను.