రిటర్న్ లెవెల్ ప్లాట్‌లో తిత్లీ ఏడాది చుక్క ఉంచాలా, తీసేయాలా?

టెక్కలి_సివిల్: ఉద్దానం వైపు ఒక వర్షమాపక కేంద్రం డేటా, ముప్పై ఏళ్ళది. ఏటా ఒక్క రోజులో పడ్డ అత్యధిక వాన తీసుకుని, గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో ఎక్స్‌ట్రీమ్స్ ప్యాకేజీతో జీఈవీ (గరిష్ఠాలకు వాడే సంభావ్యతా నమూనా) ఫిట్ చేసి రిటర్న్ లెవెల్ ప్లాట్ (ఎన్నేళ్ళకోసారి ఎంత వాన రావచ్చో చూపే గీత) గీశాను. చుక్కలన్నీ గీత పక్కనే ఉన్నాయి. 2018 తిత్లీ తుపాను ఒక్కటే పైకి పోయింది. అది తీసేస్తే చక్కగా కుదురుతోంది. తీసేయొచ్చా?

విజయనగరం_స్టాట్స్: తీయకూడదు. గరిష్ఠాల లెక్క వేస్తూ అన్నిటికన్నా పెద్దదాన్నే పారేస్తే ఇంకేం మిగులుతుంది? రీడింగ్ తప్పని రుజువుంటే తీయండి, గీతలో ఇమడలేదని తీయకండి. షేప్ పరామితి (గీత ఎటు వంగుతుందో చెప్పే అంకె) ఎంత వచ్చింది?

టెక్కలి_సివిల్: ఆర్‌లో ప్లస్, పైథాన్ సైపై లైబ్రరీలో మైనస్. ఏది నమ్మాలి మాస్టారూ?

విజయనగరం_స్టాట్స్: రెండూ ఒకటే. సైపై ఆ గుర్తును తిరగేసి వాడుతుంది. ఆర్‌లో ప్లస్ అంటే పెద్ద వానలకు హద్దు లేదని, గీత పైకి వంగుతుందని అర్థం.

పలాస_జీడితోట: ఏటి, తిత్లీని తీసేస్తారా? అక్టోబరు 11 తెల్లారేసరికి మా కొబ్బరి, జీడి ఒక్కటీ నిలబడలేదు.

టెక్కలి_సివిల్: అన్నా, చెట్లు కూలింది గాలికి. ఇది వాన ప్లాట్.

పలాస_జీడితోట: వానే పడలేదా? రోడ్డు కింద తూము చాలక నీళ్ళు మా మళ్ళలోనే నిలిచిపోయాయి. పరిహారం జాబితాలో మా పేరూ రాలేదు. ఇప్పుడు మీ లెక్కలోంచీ తీసేయండి!

రాజాం_రవి: ఏడాదికి ఒక్క చుక్కేనా? పీక్స్ ఓవర్ థ్రెషోల్డ్ (ఒక మట్టం దాటిన వానలన్నీ తీసుకునే పద్ధతి) చేయండి.

విజయనగరం_స్టాట్స్: చేయొచ్చు, కానీ ఒకే తుపానులో వరసగా పడ్డ వానలను ఒకటిగా కలిపి లెక్కించాలి. థ్రెషోల్డ్‌ను మీన్ రెసిడ్యువల్ లైఫ్ ప్లాట్ (ఆ మట్టం పెంచేకొద్దీ దాన్ని దాటిన వాన సగటున ఎంత మిగులుతుందో చూపేది) చూసి పెట్టాలి. అయినా తిత్లీ ఎక్కడికీ పోదు.

టెక్కలి_సివిల్: మీకేం, బోర్డు మీద రాస్తే సరిపోతుంది. నాకు రోడ్డు తూము డ్రాయింగ్‌లో ఒక్క అంకె కావాలి, 50 ఏళ్ళ వాన, అంటే సగటున 50 ఏళ్ళకోసారి వచ్చేంత వాన. ఆ చుక్క ఉంటే తూము సైజు పెరుగుతుంది, ఎస్టిమేట్ పెరుగుతుంది, ఫైలు వెనక్కి వస్తుంది. ఇంతకుముందు ఒకటి అలాగే వచ్చింది, మాట పడింది నేను.

విజయనగరం_స్టాట్స్: అయితే గొడవ చుక్కతో కాదు, ఖర్చుతో. ఆ మాట ముందే చెప్పాల్సింది. డబ్బు చాలకపోతే 25 ఏళ్ళ వానకే కడుతున్నామని రాయండి. చుక్క చెరిపి 50 అని రాస్తే అది అబద్ధం. నిజమైన 50 ఏళ్ళ వానకే, ముప్పై ఏళ్ళలో కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం దాదాపు 45 శాతం. ఇంకో సంగతి, ప్లాట్‌లో గీత చుట్టూ అనిశ్చితి చూపే పట్టీ మామూలుగా పైకీ కిందికీ సమానంగా వస్తుంది. ప్రొఫైల్ లైక్‌లీహుడ్‌తో (ఏ విలువ డేటాకు ఎంత సరిపోతుందో చూసి అంచులు కట్టే పద్ధతి) చేసి చూడండి, పై అంచు ఇంకా ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

పలాస_జీడితోట: ఆ పై అంచు ఎంతో ఇక్కడ పెట్టు తమ్ముడూ. పంచాయతీలో నేను అడుగుతాను.

టెక్కలి_సివిల్: చుక్క ఉంచే రన్ చేస్తాను. 25 అని మాత్రం రాయలేను, 50 అని పై నుంచే వచ్చింది.

విజయనగరం_స్టాట్స్: అయితే 50కి వచ్చిన అంకె, పై అంచు రెండూ నోట్‌లో రాసి సంతకం పెట్టండి. తగ్గించాలనుకుంటే వాళ్ళే రాతపూర్వకంగా తగ్గిస్తారు.