నగర పురస్కారానికి ఎవరికి వారే దరఖాస్తు పెట్టుకోవడం సరైనదేనా?

కాలిబాట (చర్చ మొదలుపెట్టినవారు)

నగరపాలక సంస్థలు ఏటా ఇచ్చే సేవా పురస్కారాల గురించి ఈ ప్రశ్న. సమాజ సేవ, క్రీడలు, పర్యావరణం, యువత, కళలు అని విభాగాలు పెడతారు. నోటిఫికేషన్ ఇస్తారు, దరఖాస్తులు పిలుస్తారు, ఒక కమిటీ కూర్చుని చూస్తుంది, ఒక సాయంత్రం సభ పెట్టి జ్ఞాపికలు ఇస్తారు. ఇదంతా బాగానే ఉంది. నాకు మింగుడు పడనిదల్లా చాలా ఫారాల్లో కనిపించే ఒక్క వాక్యం: "అభ్యర్థి స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు."

అంటే నేను ఇన్ని మంచి పనులు చేశాను, నన్ను సన్మానించండి అని నేనే రాసి, నేనే సంతకం పెట్టి, నేనే తీసుకెళ్లి ఇవ్వాలి. నిజంగా పని చేసేవాళ్లలో చాలామంది ఆ ఫారం చూసి సిగ్గుతో వెనక్కి తగ్గుతారు. ఆ సిగ్గు లేనివాళ్లకు దారి ఖాళీ అవుతుంది. నోబెల్ బహుమతికి తన పేరు తానే ప్రతిపాదించుకుంటే లెక్కలోకే తీసుకోరు. బ్రిటన్ ప్రభుత్వ పురస్కారాలకు కూడా ఎవరి పేరు వాళ్లు పంపుకోవడానికి లేదు, ఇంకొకరే పంపాలి. నగరాలు కూడా ఈ నియమం పెట్టాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

మూడోబెంచి

కాదంటున్నాను. పద్మ పురస్కారాల నియమాలు చూడండి. అక్కడ ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చని కూడా స్పష్టంగా ఉంది. దేశంలోని పెద్ద పురస్కారాలకే లేని నామోషీ నగరం ఇచ్చే జ్ఞాపికకు ఎందుకండీ?

ఇంకొకరు చెప్పాలి అంటున్నారు. ఆ ఇంకొకరు ఉండాలి కదా! ఊరికి కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్లు, ఇంగ్లిషులో ఉత్తరం రాసిపెట్టే స్నేహితులు లేనివాళ్లు, ఏ సంఘంలోనూ సభ్యత్వం లేనివాళ్లు ఎక్కడికి పోవాలి? మీ నియమం వస్తే పలుకుబడి ఉన్నవాళ్లకు ప్రతిపాదకులు పదిమంది దొరుకుతారు. మిగిలినవాళ్లకు ఒక్కరూ దొరకరు. సిగ్గు సంగతి తర్వాత, ముందు తలుపు తీసి ఉంచాలి. పద్మ నామినేషన్లు 2016లో ఆన్‌లైన్‌లోకి వచ్చాకే కదా, సిఫారసు లేని మామూలు మనుషుల పేర్లు కూడా నేరుగా వెళ్లే దారి తేలికైంది.

వరండా

కొంతకాలం ఒక నగర పురస్కారాల ఎంపిక కమిటీలో పనిచేశాను. ఏ నగరమో అడగొద్దు. ఫైళ్లు ఎలా వస్తాయో చెబుతాను.

స్వీయ దరఖాస్తు, ఇతరుల ప్రతిపాదన అనే తేడా కాగితం మీదే. మేము చూసిన "ఇతరుల ప్రతిపాదన"ల్లో చాలా వాటిలో సంతకం ఒకరిది, రాత అభ్యర్థిది. చదువుతుంటే తెలిసిపోతుంది. "ఫలానావారు ఎన్నో ఏళ్లుగా నిస్వార్థంగా సేవ చేస్తున్నారు" అని మొదలవుతుంది. మూడో పేరాకి వచ్చేసరికి "నా సేవలను గుర్తించి పలు సంస్థలు నన్ను సత్కరించాయి" అని ఉంటుంది! కాపీ చేసేటప్పుడు మార్చడం మర్చిపోతారు. కమిటీలో అందరం నవ్వుకుంటాం, ఆ ఫైలు మాత్రం పోటీలోనే ఉంటుంది. ఎందుకంటే నియమం ప్రకారం సంతకం వేరేవారిది.

కాబట్టి కాలిబాట గారూ, మీరు అడిగే నిషేధం వచ్చినా జరిగేది ఇదే. సూటిగా "ఇది నా పని" అని రాసేవాడు పోటీలో ఉండడు. స్నేహితుడి చేత సంతకం పెట్టించుకున్నవాడు ఉంటాడు. ఇద్దరిలో నాకు మొదటివాడి మీదే గౌరవం ఎక్కువ.

అసలు అన్యాయం మార్కుల పట్టికలో ఉంది. ఫొటోలకు, పేపర్ కటింగులకు, గతంలో వచ్చిన ప్రశంసాపత్రాలకు మార్కులు. ఒక అవార్డు ఉంటే రెండోది తేలిక, రెండుంటే మూడోది ఇంకా తేలిక. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1968లోనే శాస్త్రవేత్తల విషయంలో ఇది చెప్పాడు: పేరున్నవాళ్లకే ఇంకా పేరు చేరుతుంది, అదే స్థాయి పని చేసినా పేరు లేనివాళ్లు వెనకే ఉంటారు. నగర పురస్కారాల్లో దాన్ని మనమే ఫారంలో అచ్చువేసి మరీ పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం పిల్లలకు ఉచితంగా పాఠం చెప్పే మనిషి ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుని చెప్పదు కదా.

కాలిబాట

వరండా గారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం. దొంగ సంతకాలు ఉన్నాయని నియమమే వద్దంటే ఎలా? ప్రతిపాదకుడికి ఫోన్ చేయండి. "మీకు ఈవిడ ఎలా తెలుసు, ఆ పని మీరు ఎప్పుడు చూశారు" అని అడగండి. రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

వరండా

చేయొచ్చు. మా కమిటీకి ఇచ్చిన సమయం ఒక మధ్యాహ్నం. టేబుల్ మీద ఫైళ్లు నడుము ఎత్తున ఉండేవి.

గోరింక

నేను వేరేవాళ్ల పేరు పంపినదాన్ని. దాని కష్టం ఎవరూ మాట్లాడటం లేదు.

మా వీధిలో ఒకావిడ ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లకు వెళ్లి మందులు సమయానికి వేసుకుంటున్నారో లేదో చూసి వస్తుంటుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బు ఇవ్వరు. ఆవిడ పేరు పంపుదామని కూర్చుంటే ఫారం అడిగేవి: ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంతమందికి లాభం, సాక్ష్యాలు జతచేయండి. నాకేం తెలుసు? ఆవిడనే అడగాలి. అడిగితే మొహం ఎర్రబడింది. "నేను వెళ్లే ఇళ్లవాళ్ల ఫొటోలు తీసి ఆఫీసులో ఇస్తావా అమ్మా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

బ్రిటన్ పద్ధతి గురించి కాలిబాట గారు సగమే చెప్పారు. అక్కడ కనీసం రెండు సమర్థన లేఖలు పెట్టాలి, పేరు పంపిన సంగతి ఆ మనిషికి చెప్పొద్దంటారు, తేలడానికి మామూలుగా 12 నుంచి 18 నెలలు పడుతుంది. అంత ఓపికగా చూసే యంత్రాంగం ఉంటే మీ నియమం పనిచేస్తుంది. ఒక్క మధ్యాహ్నంలో తేల్చేచోట పనిచేయదు. అందుకే నేను ఏ పక్షమూ కాదు. ఇంకొకరు పంపాలనే ఉండనివ్వండి, కానీ సాక్ష్యాలు పోగుచేసే పని మా నెత్తిన పెట్టకండి.

చిల్లరలెక్క

అసలు ఈ అవార్డుల వల్ల పని పెరుగుతుందా అని ఎవరైనా చూశారా? చూశారు. వికీపీడియాలో ఎక్కువగా రాసేవాళ్లలో పైనున్న 1 శాతం నుంచి కొందరిని లాటరీలాగా ఎంచి, వాళ్లు అడక్కుండానే చిన్న ప్రశంసా చిహ్నం ఇచ్చారు. 2012లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, చిహ్నం అందినవాళ్ల పని అందనివాళ్ల కంటే 60 శాతం ఎక్కువగా ఉంది. డబ్బు లేదు, సభ లేదు, దరఖాస్తు అసలే లేదు. ఎవరో గమనించారు అనే భావన చాలు. దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్నదానికి ఆ భావన ఎక్కడుంటుంది? ఈ ఒక్క విషయంలో కాలిబాట గారితో ఏకీభవిస్తాను.

మూడోబెంచి

చిల్లరలెక్క గారూ, అదే బృందం తర్వాత ఇంకో ప్రయోగం చేసింది, అదీ చెప్పండి. పై 1 శాతం కంటే కాస్త కింద ఉన్నవాళ్లకు అదే చిహ్నం ఇస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికాలో 15,000కు పైగా విద్యార్థుల మీద జరిగిన ఇంకో అధ్యయనం ఉంది. ఒక నెల పూర్తి హాజరు ఉన్న పిల్లల్లో కొందరికి ముందుగా చెప్పకుండా అవార్డు ఇచ్చారు. తర్వాతి నెలలో వాళ్ల హాజరు తగ్గింది! అందరికంటే ఎక్కువే వస్తున్నాం కదా అని కాస్త సడలించి ఉంటారని పరిశోధకుల వివరణ. అడక్కుండా ఇచ్చినంత మాత్రాన మంచి జరుగుతుందని లేదు.

చిల్లరలెక్క

ఒప్పుకుంటాను, కానీ బడి హాజరు వేరు, మనసుపడి చేసే పని వేరు. జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరినవాళ్లకు చిన్న గుర్తింపు ఇస్తే, మరుసటి నెల కూడా కొనసాగినవాళ్లు 20 శాతం పెరిగారని 2017లో ప్రచురించారు. కొత్తవాళ్లకు! మన నగర పురస్కారాలు చూడండి, పదేళ్ల అనుభవం ఉంటే తప్ప ఫారమే తీసుకోరు. అవసరం ఉన్నవాళ్లకు కాక, అవసరం తీరిపోయినవాళ్లకు ఇస్తున్నాం.

నీలిసిరా

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. స్వీయ దరఖాస్తుకు ఎవరూ చెప్పని లాభం ఒకటుంది. అందులో "పై వివరాలు నిజమని ధృవీకరిస్తున్నాను" అని అభ్యర్థి సంతకం ఉంటుంది. రేపు అబద్ధమని తేలితే వెనక్కి తీసుకోవడానికి అది చాలు. ప్రతిపాదన ఇంకొకరిదైతే "నాకు తెలియదు, ఆయనేదో రాశాడు" అంటారు. ఇచ్చిన గౌరవాన్ని వెనక్కి తీసుకోవడం నగరాలకు కొత్తేమీ కాదు. మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీకి ఇచ్చిన గౌరవాన్ని ఆక్స్‌ఫర్డ్ నగర మండలి 2017లో ఉపసంహరించుకుంది. అదే ఏడాది డబ్లిన్ కూడా. అవి రాజకీయ కారణాలు, ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర ఇచ్చేటప్పుడు పెట్టే నియమాలు పేజీలకు పేజీలు, తీసుకునేటప్పుడు ఏం చేయాలో ఒక్క లైను ఉండదు.

వానచుక్క

రెండు పక్షాలూ ఒకే మాట పట్టుకుని వేలాడుతున్నాయి అనిపిస్తోంది: కాగితం రావాలి, ఎవరో ఒకరు రాయాలి. ఎందుకు రాయాలి? పురస్కారం ఇస్తానంటున్నది నగరం. వెతుక్కునే పని నగరానిదే.

గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు, ప్రభుత్వ ఆసుపత్రి నర్సులు, బడి హెడ్‌మాస్టర్లు, పోస్ట్‌మాన్‌లు, వీళ్లకు తమ పరిధిలో ఎవరు ఏం చేస్తున్నారో తెలుసు. ఏడాదికోసారి వాళ్లని పిలిచి "మీకు తెలిసిన ఒక పేరు చెప్పండి" అని అడగండి. నోటి మాటగా. రాసుకునేది ఆఫీసు మనిషి. తర్వాత ఒకరు వెళ్లి చూసి రావాలి. పద్మ నామినేషన్‌కే 800 పదాలకు మించి రాయకూడదని హద్దు ఉంది. నగర పురస్కారానికి ఒక పేజీ చాలదా? బ్రిటన్‌లో స్థానిక సేవకు ఇచ్చే బ్రిటిష్ ఎంపైర్ మెడల్‌ని 1993లో ఆపేసి, మళ్లీ 2012లో తెచ్చారు. పెద్ద పురస్కారాల జాబితాలో వీధిస్థాయి పనికి వేరే చోటు కావాలని ఆలస్యంగానైనా వాళ్లకు అనిపించింది. చోటు ఉంటే సరిపోదు, వెతికే మనిషి కూడా కావాలి.

మూడోబెంచి

వినడానికి బాగుంది. ఆ వెతికే మనిషిని ఎవరు నియమిస్తారు? కార్పొరేటర్. అతను ఎవరిని వెతుకుతాడు? కార్పొరేటర్ మనుషులని. ఇప్పుడు కనీసం మామూలు మనిషి ఫారం నింపి రసీదు తీసుకోగలడు, రేపు "నా దరఖాస్తు ఏమైంది" అని అడగగలడు. వెతికే పద్ధతిలో నన్ను ఎందుకు వెతకలేదు అని ఎవరిని అడుగుతాడు?

గోరింక

రసీదు మాట నిజమే. కానీ మూడోబెంచి గారూ, మా వీధి ఆవిడ ఎన్నేళ్లు గడిచినా ఆ ఫారం నింపదు. రసీదు ఆమెకు ఉపయోగపడదు. రెండు దారులూ ఉంచకూడదా?

కాలిబాట

వెతికే దారిని నేను సమర్థిస్తాను, కార్పొరేటర్ల పెత్తనం లేకుండా. స్వీయ దరఖాస్తు మీద నా అభిప్రాయం మారలేదు. అది ఉన్నంతకాలం కమిటీలకు అదే సులువైన పని: వచ్చిన కాగితాలు చూసి, లావుగా ఉన్న ఫైలు ఎంచి, ఇంటికి వెళ్లిపోవడం. సులువైన దారి తెరిచి ఉండగా ఎవరూ వీధుల్లోకి వెళ్లి వెతకరు. కనీసం సమాజ సేవ విభాగంలోనైనా దాన్ని తీసేయాలి. క్రీడలు, కళల్లో ఉండనివ్వండి. అక్కడ గెలిచిన పతకాలు, ఇచ్చిన ప్రదర్శనలు ఎవరు రాసినా ఒకటే.

వరండా

విభాగాన్ని బట్టి నియమం అనేది మంచి ఆలోచన. మా కమిటీలో ఎవరికీ తట్టలేదు. దానికి రెండు చేర్పులు. ఒకటి, గతంలో వచ్చిన అవార్డులకు మార్కులు సున్నా. రెండోది, ఫారంలో ఒక గడి: "ఈ వివరాలు రాసింది ఎవరు?" అభ్యర్థే రాస్తే "నేనే" అని టిక్ పెట్టాలి. దాన్ని తప్పుగా చూడకూడదు. అబద్ధం చెప్పి వేరేవారి సంతకంతో పంపితే మాత్రం ఆ ఏడాదికి అనర్హత.

మూడోబెంచి

"నేనే" అని టిక్ పెట్టినవాళ్లకు కమిటీ లోలోపల మార్కులు తగ్గించదని ఏం నమ్మకం? ఈ చర్చలోనే సగంమంది వాళ్లని సిగ్గులేనివాళ్లన్నట్టు మాట్లాడారు. ఆ గడిని కమిటీ ముందు పెట్టకుండా ఆఫీసులోనే ఉంచి, మార్కులన్నీ వేశాక అనర్హత తేల్చడానికి మాత్రమే తీయాలి. ఆ మాట నోటిఫికేషన్‌లోనే అచ్చువేస్తే ఒప్పుకుంటాను.

వరండా

అలాగే. సమాజ సేవ విభాగం మీద మాత్రం మీరూ కాలిబాట గారూ తేల్చుకోండి, నేను ముసాయిదా రాయడం మొదలుపెడతాను.