పిన్‌కంట్రోల్: రిజిస్టర్ విలువలు డీటీఎస్‌లో రాయాలా, పేర్లు పెట్టి డ్రైవర్ టేబుల్‌లో దాచాలా?

ప్యాడ్‌పిచ్చోడు:
కొత్త చిప్ ఒకటి మా నెత్తిన పడింది, దానికి లైనక్స్‌లో పిన్‌కంట్రోల్ (ఏ పిన్ను ఏ పని చేయాలో సెట్ చేసే భాగం) చూసుకోవాలి. 180 దాకా ప్యాడ్లు (పిన్నులే), ప్యాడ్‌కో రిజిస్టర్, కింద 3 బిట్లు మక్స్ మోడ్ (ఆ పిన్ను ఏ పనికో), వాటి పైన పుల్ బిట్లు (లైన్‌ని పైకో కిందకో లాగేవి), ఇన్‌పుట్ ఎనేబుల్. టీఐ వాళ్ల ఏఎం335ఎక్స్ చిప్ చూసినోళ్లకి ఇది తెలిసిన మొహమే. దీనికి కొత్త డ్రైవర్ దేనికి, కెర్నల్‌లో ఉన్న జనరిక్ డ్రైవర్ పిన్‌కంట్రోల్-సింగిల్ తగిలించి ఆఫ్‌సెట్ (రిజిస్టర్ ఎక్కడుందో), విలువ డీటీఎస్‌లో (బోర్డు హార్డ్‌వేర్‌ని కెర్నల్‌కి చెప్పే ఫైల్) రాసేస్తే అయిపోద్ది కదా అని నేను. మా టీమ్‌లో ఒకాయన మాత్రం ఫంక్షన్లకీ (పిన్ను చేసే పనులు) గ్రూపులకీ (కలిపి వాడే పిన్నులు) పేర్లు పెట్టి టేబుల్ డ్రైవర్‌లో ఉంచాల్సిందేనని పట్టుబట్టాడు. మీరేమంటారు?

పేరుంటేనే_నమ్ముతా:
మీ టీమ్ ఆయన చెప్పిందే కరెక్ట్. నాకు తగిలిన దెబ్బ చెప్తా వినండి. ఏఎం335ఎక్స్‌లో ఎస్‌పీఐ0 క్లాక్ ప్యాడ్ ఉంది కదా, ఆఫ్‌సెట్ హెక్స్ 150, దాన్నే మోడ్ 1లో పెడితే యూఆర్ట్2 (సీరియల్ పోర్ట్) ఆర్‌ఎక్స్, అంటే డేటా అందుకునే లైన్, మోడ్ 2లో ఐ2సీ2 డేటా, మోడ్ 7లో జీపీఐఓ (మామూలు ఇన్‌పుట్/అవుట్‌పుట్ పిన్). దానికి హెక్స్ 31 రాయాల్సిన చోట ఎవరో 11 రాశారు, అంటే మోడ్ సరే, పుల్-అప్ సరే, 5వ బిట్ ఇన్‌పుట్ ఎనేబుల్ మాత్రం లేదు. టీఎక్స్ (పంపే లైన్) చక్కగా పోతోంది, ఆర్‌ఎక్స్‌లో ఒక్క అక్షరం రాదు, స్కోప్ పెడితే పిన్ దగ్గర సిగ్నల్ నిక్షేపంగా కనిపిస్తోంది, రెండు రోజులు బాడ్ రేట్ మీద పడి ఏడ్చాం. డీటీఎస్‌ని స్కీమాతో (రూల్స్ ఫైల్) సరిచూసే డీటీబీఎస్ చెక్ కూడా ఏమనలేదు, దాని దృష్టిలో 11 అయినా 31 అయినా 32 బిట్ల అంకెలే. అదే ఫంక్షన్ పేరయితే స్కీమాలో లిస్ట్ ఉంటది, స్పెల్లింగ్ తప్పితే అక్కడే పట్టుకుంటది.

సున్నాఒకటి:
అన్నా, ఆ తప్పు పిన్‌కంట్రోల్-సింగిల్‌ది కాదు, ఉత్త హెక్స్ రాసినోడిది. హెడర్‌లో పిన్-ఇన్‌పుట్-పుల్‌అప్ మాక్రో ఉండగా వాడనిది ఎవరు? అయినా పేర్లు పెట్టినా ఇన్‌పుట్-ఎనేబుల్ అనే లైన్ మర్చిపోతే మర్చిపోయినట్టే కదా.

అసలు పాయింట్ వేరే. ఇలాంటి చిప్‌లో హార్డ్‌వేర్‌కి గ్రూప్ అనేదే లేదు, ఏ ప్యాడ్‌కి ఆ ప్యాడ్ విడి. లేని గ్రూపులు మనం కల్పించి టేబుల్‌లో పెట్టాక, రేపు ఇంకో బోర్డోడు టీఎక్స్ ఇక్కడ, ఆర్‌ఎక్స్ అక్కడ కావాలంటే కెర్నల్ ప్యాచ్ పంపి ఎదురుచూడాలి. పైగా ఒకే కెర్నల్ ఇమేజ్‌తో పాతిక చిప్‌లు బూట్ చేస్తున్న రోజుల్లో అందరి టేబుళ్లూ మెమరీలో మోయడం దేనికి? కెర్నల్ డెవలపర్ టోనీ లిండ్‌గ్రెన్ 2012లో పిన్‌కంట్రోల్-సింగిల్ తెచ్చింది ఈ బరువు దించడానికే. బూట్‌లోడర్ సంగతి కూడా ఆలోచించండి, అదే డీటీఎస్ యూ-బూట్‌కీ వాడతాం, చిన్న లోపలి ర్యామ్‌లో ఇరుక్కుని నడిచే ఎస్‌పీఎల్‌లో (యూ-బూట్ మొదటి చిన్న దశ) మళ్లీ ఈ టేబుల్ ఎక్కడ పెడతారు?

పేరుంటేనే_నమ్ముతా:
గ్రూపులు కల్పించమని ఎవరన్నారు బ్రో? క్వాల్‌కామ్ వాళ్ల డ్రైవర్లు చూడండి, పిన్నుకో గ్రూప్, పక్కన ఫంక్షన్ పేరు, అంతే, ఏ పిన్ను ఏ పిన్నుతోనైనా కలుపుకోవచ్చు. లీనస్ వాలేయ్ ఈ పిన్‌కంట్రోల్ సబ్‌సిస్టమ్‌ని కెర్నల్ 3.2లో తెచ్చినప్పుడే ఫంక్షన్, గ్రూప్ పేర్ల మీద కట్టాడు. ఆ ఎస్‌పీఎల్ మాట మాత్రం ఒప్పుకుంటా, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

ఇంకోటి. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి సంగతులు చూపే చోటు) పిన్‌మక్స్-పిన్స్ తెరిస్తే మీ పద్ధతిలో పిన్ 84 అని వస్తది. హెక్స్ 150 అంటే 336, దాన్ని 4తో భాగిస్తే 84, అప్పుడు మాన్యువల్ తిరగేసి ఓహో ఎస్‌పీఐ0 క్లాకా అనుకోవాలి. అర్ధరాత్రి ఈ లెక్కలు ఎవడు చేస్తాడు?

సున్నాఒకటి:
నేను చేస్తా 😄 సరే, అది నిజంగానే చిరాకు.

మధ్యేమార్గం:
మీరిద్దరూ రెండు చివర్లే పట్టుకున్నారు. ఎస్‌టీఎం32 చిప్‌ల వాళ్లు డీటీఎస్‌లో పోర్ట్ ఏ, పిన్ 9, ఏఎఫ్7 (ఆ పిన్ పనుల్లో 7వ నంబర్) అని ఒక మాక్రో రాస్తారు, లోపల అది ఒక అంకె అవుద్ది. కానీ డ్రైవర్‌లోనూ టేబుల్ ఉంది, ఆ పిన్‌కి లేని ఫంక్షన్ అడిగితే తిరగ్గొడతది. పుల్-అప్ లాంటివి ఆ అంకెలో కలపరు, బయాస్-పుల్-అప్ అని విడిగా మాటల్లో రాస్తారు. ఐ.ఎంఎక్స్6 చిప్ అయితే పిన్నుకి 6 అంకెలు, 5 హెడర్ మాక్రో ఇస్తది, ఆరోది ప్యాడ్ కాన్ఫిగ్, అది బోర్డోడు హెక్స్‌లో రాయాలి. ఆ ఆరో అంకె చూసి ఏ బిట్ ఏంటో చూడకుండా చెప్పగలిగిన మనిషి నాకైతే ఇంతవరకు తగల్లేదు.

నా ఓటు: మక్స్ అంకెలో, ఎలక్ట్రికల్ సెట్టింగులు మాటల్లో. ఏదైనా ఇప్పుడే తేల్చుకోండి, బైండింగ్ (డీటీఎస్‌లో ఏది ఎలా రాయాలనే ఒప్పందం) ఒకసారి మెయిన్‌లైన్ కెర్నల్‌లోకి వెళ్లాక పాత డీటీబీ (కంపైల్ చేసిన డీటీఎస్) కొత్త కెర్నల్‌తో బూట్ అవ్వాల్సిందే, తర్వాత మనసు మార్చుకుంటా అంటే కుదరదు.

ప్యాడ్‌పిచ్చోడు:
మధ్యేమార్గం గారి దారే మా టీమ్ ఆయనకి చెప్పి చూస్తా, పిన్‌మక్స్ ప్రాపర్టీ, జనరిక్ బయాస్, డ్రైవర్‌లో చిన్న టేబుల్. ఎస్‌పీఎల్‌లో టేబుల్ పీకేసి చెక్ లేకుండా రాసేస్తే సరిపోద్దేమో.

బై ద వే, ఆ 11, 31 కథ చదివాక మా డీటీఎస్ తెరిచా. కన్సోల్ ఆర్‌ఎక్స్ లైన్‌కి ఇన్‌పుట్ బిట్ లేదు. వారం నుంచి కేబుల్ పాడైందనుకుంటున్నాం. వస్తా.